మన బండ్లకు చలికాలం లేదు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, కవిత్వం నా చేత కాదని ముందే చెప్పుకున్నాను. "పోనీ, నీకు తెలిసిన సంగతే వ్రాయరాదూ" అన్నారు. నాకు తెలిసిన సంగతి మోటారు సైకిలు. అది బాగానే తెలుసునని నేనూ అనుకున్నాను. ఎంత బాగా తెలుసునో కాస్త ఆగి మనవి చేస్తాను.

మన కళాశాల 2012లో మొదలైంది గదా. ఆ తొలి సంవత్సరాల్లో ఇక్కడ మెకానికల్ చదివి, ప్రస్తుతం అమెరికాలో మిన్నియాపోలిస్ అనే నగరంలో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకాయన మా ఊరివాడే. అన్నా అని పిలుస్తాను. 2023 నవంబరులో ఒక ఆదివారం ఫోను చేసి మాటల మధ్య, "ఇయ్యాల బండిని పండబెట్టిన్రా తమ్మీ, మళ్ళ ఏప్రిల్లనే లేపుడు" అన్నాడు. బండికి జబ్బు చేసిందేమో అనుకున్నాను. కాదట. అక్కడ అందరూ అంతేనట. జనవరిలో సున్నకు పది పదిహేను డిగ్రీలు కిందికి పోవడం మామూలు. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇనుమును తినేస్తుంది. చలికి టైరు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. కాబట్టి నవంబరు రాగానే మోటారు సైకిలును షెడ్డులోకి తోసి, అయిదు నెలలు సెలవు ఇస్తారన్నమాట.

ఊరికే తోసేస్తే సరిపోదు సుమా! ముందు ఇంజను ఆయిలు మారుస్తాడు. వాడిన ఆయిలులో పెట్రోలు మండగా మిగిలిన తడీ, ఆమ్లాలూ కలిసి ఉంటాయి. అవి నెలల తరబడి బేరింగుల మీద కూర్చుంటే తుప్పే గతి. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తాడు. సగం ఖాళీగా వదిలితే ఆ ఖాళీలో గాలి చల్లబడి లోపలి రేకుకు చెమ్మ పడుతుంది. బ్యాటరీ తీసి ఇంట్లో పెడతాడు. చార్జింగు దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి దాదాపు నీళ్ళే మిగులుతాయి గనుక అది గడ్డకట్టి పగిలిపోతుంది. చక్రాలు నేలకు ఆనకుండా స్టాండు ఎక్కిస్తాడు. ఎలుకలు దూరకుండా సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కుతాడు. ఇదంతా చేయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటలో చెయిను, బ్రేకులు, టైర్లు, వైర్లు అన్నీ ఎలాగూ కంట పడతాయి.

నేను ఈ ముచ్చటంతా ఇంట్లో చెప్పాను. మా నాన్న పాశమైలారం వైపు ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. విన్నాడు, విని ఒక్కటే అడిగాడు:

"చలికి బండి ఆపుతరా? మరి డ్యూటీకి ఎట్ల పోతరు?"

"కారుంటది నాన్నా."

"అట్ల చెప్పు" అని కండువా దులుపుకొని లేచిపోయాడు.

నాన్న ఆ ఒక్క ప్రశ్నతో సగం వ్యాసం పూర్తి చేశాడు. బండికి శీతాకాలపు సెలవు ఇవ్వాలంటే చలి ఒక్కటే చాలదు, ఇంటి ముందర రెండో వాహనం ఉండాలి. అక్కడ మోటారు సైకిలు ఎండాకాలపు సరదా. ఇక్కడ అది మనిషికి మూడో కాలు. డెబ్బయ్యవ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెలిసిన నాటి నుంచి ఈ ప్రాంతం మూడు షిఫ్టులుగా నిద్రపోతోంది, మూడు షిఫ్టులుగా మేల్కొంటోంది. తెల్లవారుజామున అయిదున్నరకు ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి చూడండి. పెట్రోలు ట్యాంకు మీద టిఫిను డబ్బా, వెనక సీటు మీద తోటి కార్మికుడు, చెవులకు చుట్టుకున్న మఫ్లరు, వరసగా వందల బండ్లు. పాల క్యానులు మోసేది బండే. పత్తి చేనుకు మందు డ్రమ్ము పోయేదీ, పెండ్లికి మొత్తం సంసారం పోయేదీ బండి మీదనే. ఏడాదికి 365 రోజులు. లీపు సంవత్సరమైతే ఇంకొక రోజు ఎక్కువ.

ఇక్కడొక పాత సంగతి జ్ఞాపకం వస్తోంది. హీరో హోండా వారు 1985లో సి.డి.100 బండి తెచ్చినప్పుడు ఒక ప్రకటన వేశారు. పెట్రోలు పోయండి, మూత వేయండి, మరిచిపోండి అని దాని సారాంశం. మైలేజీ గురించి చెప్పిన మాట అది. తప్పేమీ లేదు, నాలుగు స్ట్రోకుల ఆ ఇంజను నిజంగానే అంత పొదుపైనది. కాని మన దేశం ఆ మూడు ఆజ్ఞల్లో మూడోదాన్ని మాత్రం మనస్ఫూర్తిగా శిరసావహించింది. మరిచిపోయాం.

దీనికి ఎదురు వాదన ఉంది. మా మెస్సులో ప్రతి చర్చలోనూ అది వస్తుంది. "నడిచే బండి చెడదు, నిలబడ్డ బండే చెడుతుంది" అంటారు. అందులో నిజం ఉంది, కాదనను. రోజూ నడిస్తే ఆయిలు అన్ని మూలలకూ తిరుగుతుంది. బ్యాటరీ తనంతట తాను నిండుతుంది. పెట్రోలు పాతబడదు. నిలబడితే ఏమవుతుందో 2020లో మనందరికీ తెలిసివచ్చింది. మార్చి 23 నుంచి మన రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మన ఉష్ణమండలంలో బండ్లకు వచ్చిన ఒకే ఒక చలికాలం అది. వచ్చింది కూడా నడి ఎండాకాలంలో! ఎవరికీ బండిని పండబెట్టడం తెలియదు. సైడు స్టాండు మీద ఎలా ఉన్నవి అలాగే ఎండలో ఉండిపోయాయి. కార్బొరేటరులో నిలిచిన పెట్రోలు ఆవిరై, జిగురు మిగిలి, జెట్టు రంధ్రాలు మూసుకుపోయాయి. టైర్లు ఒక పక్కకు అణగారాయి. ఆంక్షలు సడలాక మా సందు చివరి మెకానిక్కు ముందర పది రోజులు వరస తగ్గలేదు.

అదే నెలల్లో బండి లేనివాడి గతి కూడా చూశాం. మనకు దగ్గరలోని కందిలో ఐ.ఐ.టి. కట్టడానికి వచ్చిన వలస కూలీలు ఊరు పోతామని ఏప్రిల్ చివర రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండుకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలింది. బోధన్‌లో ఒక ఉపాధ్యాయురాలు నెల్లూరులో చిక్కుకున్న కొడుకు కోసం స్కూటీ మీద ఒంటరిగా పోయి, వెనక కూర్చోబెట్టుకొని తీసుకువచ్చింది. రానూ పోనూ 1400 కిలోమీటర్లు. ఆ తల్లి స్కూటరు ఆ పూట స్టార్టు కాకపోయి ఉంటే?

అంచేత బండ్లు ఆపమని నేను చెప్పబోవడం లేదు. "నడిచే బండి చెడదు" అన్న మాటలో ఎక్కడ బొక్క ఉందో చెబుతాను. ఇంజను విషయంలో ఆ మాట సగం నిజం. బ్రేకు విషయంలో అది పూర్తి అబద్ధం. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. బ్రేకు చెడితే బండి నడుస్తూనే ఉంటుంది. ఆగదు, అంతే.

ఇప్పుడు నా సొంత సంగతి.

అన్న ఫోను చేసిన నెల రోజులకు, 2023 డిసెంబరు చివరి వారంలో, నాన్న రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తున్నాడు. మనది వేడి దేశమని అందరూ అంటారు గాని, ఆ రోజుల్లో మంజీర పక్క ఊళ్ళలో పొద్దున ఏడు దాకా పొగమంచు విడవదు. మన జిల్లాలోనే కోహీరులో కొన్ని రాత్రులు పది డిగ్రీల కంటే కిందికి పోతాయి. దారి పక్కన వెనక దీపాలు లేని ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. దగ్గరికి వచ్చాక గాని కనపడలేదు. నాన్న వెనక బ్రేకు తొక్కాడు. పెడలు అడుగు దాకా పోయింది, బండి మాత్రం పట్టలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టేసరికి తడి రోడ్డు మీద ముందు చక్రం జారింది. హెల్మెటు ఉండబట్టి తల దక్కింది. మోకాలి కింద ఎముక విరిగింది.

మూడు నెలలు మంచం. కాంట్రాక్టు కార్మికుడికి డ్యూటీ లేకపోతే జీతం లేదు. చెల్లె ఇంటరు ఫీజు కోసం అమ్మ వేసుకున్న చిట్టీని నష్టానికి పాడి ముందే ఎత్తుకుంది. రాత్రిళ్ళు కుట్టు మిషను చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి.

బండిని మెకానిక్కు దగ్గరికి నేనే తోసుకుపోయాను. ఆయన వెనక చక్రం విప్పి, బ్రేకు షూ చేతిలో పెట్టి, "చూడు తమ్మీ" అన్నాడు. లైనింగు అన్నది లేదు. ఇనుము తేలింది. "ఇది నిన్న మొన్న అరిగింది కాదు. నట్టు బిగించుడు, నడుపుడు. ఇగ బిగించనీకి చూడి మిగల్లే" అన్నాడు. డ్రమ్ము బ్రేకు తెలియనివారి కోసం రెండు మాటలు. లైనింగు అరుగుతున్నకొద్దీ పెడలు వదులవుతుంది. వెనక రాడ్డు చివర ఉన్న నట్టు నాలుగు చుట్లు తిప్పితే మళ్ళీ బిగుసుకుంటుంది. బ్రేకు బాగయిందని అనుకుంటాం. నిజానికి బాగవలేదు, అరుగుదల కంటికి మరుగయింది. ఈ మోసం తెలిసే కాబోలు, బ్రేకు ప్లేటు మీద చిన్న బాణం గుర్తు పెట్టారు. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు చేతి మీది సూచిక ఆ గుర్తుకు చేరితే షూలు మార్చాలి. ఏదీ విప్పనక్కర లేదు. ఒకడు తొక్కితే ఇంకొకడు వంగి చూస్తే చాలు.

ఆ బండిని ప్రతి ఆదివారం నడిపింది నేనే. పెడలు వదులైందని నాన్న అంటే స్పానరు పట్టుకొని నట్టు బిగించిందీ నేనే. పోయిన సెమిస్టరులో డ్రమ్ము బ్రేకు మీద ప్రశ్న వస్తే లీడింగ్ షూ, ట్రెయిలింగ్ షూ బొమ్మలు వేసి, బాణాలు గీసి, పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బాణాన్ని మాత్రం చూడలేదు. మోటారు సైకిలు నాకు తెలుసునని మొదట్లో అన్నాను చూశారా, అది ఇంత మాత్రం.

షూల జత ఖరీదు రెండు మూడు వందల రూపాయలు.

బండి మా ఇంటి రేకుల కింద ఆ మూడు నెలలూ నిలబడింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మిన్నియాపోలిస్ బండీ, మా బండీ ఒకేసారి నిద్రపోయాయి. ఒకటి షెడ్డులో దర్జాగా, ఇంకొకటి గతిలేక. అన్న ఫోనులో చెబుతుంటే ఒక్కొక్కటే చేశాను. ఆయిలు మార్చాను. కార్బొరేటరు గిన్నె అడుగు మర విప్పి పెట్రోలు వదిలేశాను. బ్యాటరీ తీసి డిస్టిల్డ్ వాటర్ పోశాను. ట్యాంకు విషయంలో మాత్రం ఆయన మాట మన ఎండకు కాస్త మార్చుకోవలసి వచ్చింది. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది గనుక మూతి దాకా పోయకుండా కాస్త జాగా వదిలాను. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, దానికి తేమను పీల్చే గుణం ఉంది. వానాకాలంలో నెలలు నిలబెట్టే బండికి ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. కొత్త బండ్లవారికి మరొక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే వాటిని తోసి స్టార్టు చేయడం కూడా చాలాసార్లు కుదరదు. హాస్టలు ముందర చింతచెట్టు కింద మే నెలంతా బండి వదిలి ఊరు పోయే మిత్రులు వింటున్నారా?

చలి లేని దేశాలు ఇంకా చాలా ఉన్నాయి. వియత్నాంలో, ఇండోనేషియాలో మనకంటే ఎక్కువగా బండ్ల మీదనే బ్రతుకుతారు. అమెరికాలోనే ఫ్లోరిడావాళ్ళు జనవరిలోనూ తోలుతారట, అన్న అసూయగా చెప్పాడు. ఏడాది పొడుగునా తోలడం ఒక అదృష్టమే. కాని చలి దేశాల్లో వాతావరణం మనిషిని బలవంతాన బండి ముందర కూర్చోబెడుతుంది. చలితోపాటు అక్కడ చట్టం కూడా ఉంది. జర్మనీలో 1997 నుంచి బండికి ఋతువుల నెంబరు ప్లేటు ఇస్తున్నారు. ప్లేటు అంచున రెండు నెలల అంకెలు ఉంటాయి, ఉదాహరణకు 04, దాని కింద 10. అంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే రోడ్డెక్కాలి, పన్నూ బీమా ఆ నెలలకే. ఇంగ్లండులో మూడేళ్ళు నిండిన మోటారు సైకిలును ఏటేటా పరీక్షకు తీసుకుపోవాలి. బ్రేకులు, టైర్లు, దీపాలు చూసి బాగుంటేనే కాగితం ఇస్తారు.

మరి మనకు? సొంత మోటారు సైకిలు కొన్నాక పదిహేనేళ్ళ దాకా దాని బ్రేకును చూసే నాథుడు లేడు. పొగ కాగితం ఒక్కటి అడుగుతారు. బండి వదిలే పొగ లెక్క కాగితంలో ఉంటుంది, బండి ఆగుతుందా లేదా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళే. అందరూ బ్రేకు షూల వల్లనే పోయారని నేను అనను. వేగం ఉంది, హెల్మెటు లేకపోవడం ఉంది, రోడ్లున్నాయి, వెనక దీపాల్లేని ట్రాక్టర్లున్నాయి. కాని మన చేతిలో ఉన్నది కూడా మనం చూడటం లేదు గదా అని నా బాధ.

నిజానికి మనకూ ఏడాదికి ఒకరోజు ఉంది. ఆ రోజున ఈ పారిశ్రామికవాడలో యంత్రాలన్నీ ఆగుతాయి. లేతు మిషను నుంచి స్పానరు దాకా బొట్టు పెడతారు. అదే దసరా, ఆయుధ పూజ. ఆ పొద్దున ప్రతి ఇంటి ముందరా బండిని కడుగుతారు. షాంపూ పెట్టి మరీ కడుగుతారు! హ్యాండిలుకు బంతిపూల దండ, ట్యాంకు మీద పసుపు కుంకుమలు, చక్రం కింద నిమ్మకాయ. నిమ్మకాయ తొక్కించడానికి చక్రం దగ్గర వంగుతాం గదా. బ్రేకు ప్లేటు మీది బాణం అక్కడికి జానెడు దూరంలో ఉంటుంది. ఇన్నేళ్ళూ వంగి నిమ్మకాయ పెట్టి లేచాం. భక్తిని నేను తక్కువ చేయడం లేదు, మా అమ్మ ముందర ఆ ధైర్యం కూడా లేదు. పూజకు ముందు చూపు కూడా ఒక ఉపచారమే అంటున్నాను.

విద్యార్థి సంఘానికి నేను చేసే మనవి ఇది. దసరా సెలవులకు ముందు వచ్చే శనివారం మన మెకానికల్ వర్క్‌షాపు తలుపులు తీసి, వచ్చిన ప్రతి బండినీ చూద్దాం. విద్యార్థులవే కాదు. మెస్సులో వంట చేసే అన్నలవి, వాచ్‌మెన్లవి, బోధనేతర సిబ్బందివి, సుల్తాన్‌పూర్, చౌటకూర్ రైతులవి కూడా. మనకంటే వాళ్ళ బండ్లే ఎక్కువ తిరుగుతాయి, తక్కువ సెలవు పొందుతాయి. బ్రేకు బాణం ఎక్కడుందో, చెయిను ఎంత వేలాడుతోందో, టైరు గీతలు మిగిలాయో లేదో, క్లచ్ వైరు పోగులు తెగాయో, వెనక దీపం వెలుగుతోందో చూడటానికి ఒక్కో బండికి పది నిమిషాలు. చూసింది చీటీ మీద తెలుగులో వ్రాసి చేతికిద్దాం.

ఈ మాట ముందే ఒక అధ్యాపకుల చెవిన వేశాను. ఆయన చప్పున ఒక ప్రశ్న వేశారు. "మీరు చూసి బాగుందన్న బండి రేపు ఎక్కడైనా పడితే బాధ్యత ఎవరిదయ్యా?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమంటే, మనం బాగుందని వ్రాయవద్దు. బాగాలేనిది మాత్రమే వ్రాద్దాం. ఏదీ విప్పవద్దు, బిగించవద్దు, ముఖ్యంగా ఆ నట్టు జోలికి అసలు పోవద్దు. మరమ్మతు మెకానిక్కు పని, ఆయన కడుపు మనం కొట్టనక్కర లేదు. నిజానికి ఆ వారం ఆయనకు రెండింతలు పని దొరుకుతుంది. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. "వ్రాసి పెట్టు, చూద్దాం" అన్నారు. అందుకే వ్రాశాను.

నాన్న ఏప్రిల్ నుంచి మళ్ళీ డ్యూటీకి పోతున్నాడు, అదే బండి మీద. రాత్రి షిఫ్టు ఉన్న వారం, మంచు పట్టిన రోజున, వెలుతురు వచ్చేదాకా క్యాంటీనులో కూర్చొని వస్తున్నాడు. నలభై నిమిషాల ఆలస్యం. మా ఇంట్లో బండికి చలికాలపు సెలవు అంతే దొరికింది. నేను ఆదివారం ఇంటికి పోగానే ముందు పెడలు తొక్కమని చెల్లెకు చెప్పి వెనకాల వంగుతున్నాను. "ఇగ చాల్తీయ్, ఎన్నిసార్లు చూస్తవు" అని అది విసుక్కుంటుంది.

శనివారానికి నా పేరు ముందుగా వ్రాసుకోండి. ఇంకొక పది మంది కావాలి. వర్క్‌షాపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఇప్పుడే కనుక్కోవాలి, సెలవుల ముందర ఆయన ఒకరోజు ముందే ఊరు పోతాడని విన్నాను.